నిమ్మళం

వార్డు బయట ఒక పిల్ల కాయితం చేతికిచ్చింది.
పెన్ను గూడ తనదే, మూతకు పంటి గాట్లు.
"నర్సులు మాట్లాడిన తీరు మీద మీ సంతృప్తి,
ఒకటి నుంచి అయిదు దాక
ఏదో ఒక గడిల గీత గీయండమ్మా."

ఇరవయ్యారేండ్లు బర్కత్‌పుర డిపోల కండక్టరును.
లెక్క అడిగితే చిల్లరతో సహ అప్పజెప్త.
దీనికాడ మాత్రం చెయ్యి ఆగింది.

మొదటి దినం నాకు పేరు లేదు.
"పద్దెనిమిది! పద్దెనిమిది ఎవరమ్మా?"
బస్సు నంబరు పిలిచినట్టు పిలిచింది ఒకామె.
నేనూ అట్లనే పిలిచిన కద ఇన్నేండ్లు,
ఓ నీలం చీరా, ఓ మూటల తాతా, జర ముందుకు జరుగుండ్రి.
ఆమెనేమంట?
అరవై మంచాలు, ఇద్దరు మనుషులు.
జనం కిక్కిరిస్తే మాటకు జాగ ఉండదు.

పెద్ద డాక్టరు ఫైలుతోని మాట్లాడి పోయిండు.
మా జంగయ్య గోడతోని మాట్లాడిండు.
ఆడబిడ్డ ఫోన్ల "అదే... ఆ రోగం" అని గొంతు దించింది,
పేరు పలికితే తనకంటుకుంటదన్నట్టు.

శలోమి సిస్టరు స్టూలు గుంజుకొని కూసున్నది.
ముందు గదే చూసిన,
నిలబడి చెప్పలేదు.
"అండాలమ్మా, ఇది క్యాన్సరు. రొమ్ముల ఉన్నది.
ఈ సీసాల ఉన్నది ఎర్ర మందు.
ఉచ్చ ఎర్రగొస్తది. నెత్తురు కాదు,
మందు రంగు. భయపడకు.
జుట్టు ఊడుతది, మల్ల మొలుస్తది.
జ్వరమొస్తే మాత్రం అర్ధరాత్రయినా సరే,
తెల్లారనియ్యకు. వచ్చెయ్."

కోఠి, కాచిగూడ, అంబర్‌పేట లెక్క
ఒక్కో మాట ఒక్కో స్టాపు.
ఎక్కడ దిగాలెనో తెల్వకున్నా
ఇప్పుడెక్కడున్నమో తెలిస్తే చాలు,
కడ్డీ మీద పిడికిలి జర వదులైతది.

తెల్లారి ఎర్రగనే వచ్చింది.
బాత్రూముల ఒక్కదాన్నే నవ్విన.

పక్క మంచం నసీమ్ బీకి ఎవరూ చెప్పలేదు.
చెప్పిండ్రేమో, తెలుగుల.
ఆమె కేక మెట్ల దాక వినబడ్డది.
నాకొచ్చిన బస్సు ఉర్దూల నేనే చెప్పిన,
"ఖూన్ నై బీ, దవా కా రంగ్ హై."
నా చెయ్యి పట్టుకొని శానసేపు ఇడవలేదు.

నాలుగో సైకిల్ల ఒక రాత్రి అడిగిన,
"సిస్టర్, నేను బతుకుతనా?"
శలోమి సెలైను దిక్కు చూసింది.
చుక్కలు లెక్కపెట్టింది.
"నాకు తెల్వదు అండాలమ్మా."
ఇంకేమన్న అంటదని చూసిన. అనలేదు.
రెండు దినాలు ఆమెతోని మాట్లాడలే.

దానికెన్ని మార్కులెయ్యాలె బిడ్డా?
అబద్ధం చెప్పనందుకు అయిదా,
అబద్ధమన్నా చెప్పనందుకు ఒకటా?

మూడో దినం సూది మార్చంగ ఆమె వేళ్లు వణికినయి.
"రాత్రి డ్యూటీ మీద పగటి డ్యూటీ వేసిండ్రు.
ఉప్పల్ల దిగాల్సినదాన్ని
నిన్న నిద్రల ఘట్‌కేసర్ దాక పోయిన."
నాకు నవ్వొచ్చింది, ఆమెకూ వచ్చింది.
"కండక్టరు లేపలేదా?" అన్న.
"లేపలే" అన్నది.
నరం దొరికింది.

"అమ్మా, అయిందా?" పిల్ల తొందర పెడుతున్నది.

సంతృప్తి అనే మాట మా ఇంట్ల ఎవరం వాడం.
కడుపు నిండిందా అంటం,
నిమ్మళంగున్నదా అంటం.
నీ కాయితంల నిమ్మళానికి గడి లేదు.

అయిదు గడులూ ఇడిసిపెట్టి
కాయితం ఎనుక, టికెట్టు మీద చిల్లర రాసినట్టు రాసిన:
నసీమ్ బీకి ఉర్దూల చెప్పేటోళ్లు కావాలె.
శలోమికి నిద్ర.
నాకు ఒక జవాబు బాకీ.
దిగేటప్పుడు తీసుకుంట.